ఆదివారం ఫోన్‌లోనే వాక్యం వింటున్నాను, సంఘం లేకపోతే నష్టమేంటి? – ఒక పాస్టరమ్మ జవాబు

బాబూ, వందనాలు. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం నాకు అర్థమైనంతలో మళ్లీ చెప్తాను. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. ఊళ్లో మీ సంఘం కమిటీ ఎన్నికల దగ్గర గొడవపడి రెండుగా చీలింది. విసుగొచ్చి అప్పటినుంచి ఏ గుడికీ వెళ్లడం లేదు. ఆదివారం పొద్దున యూట్యూబులో రెండు మూడు ప్రసంగాలు వింటారు, దశమభాగం (జీతంలో పదో వంతు కానుక) ఫోన్‌పే చేస్తారు. "వాక్యం అందుతోంది, కానుక ఇస్తున్నాను, ఎవరితోనూ గొడవ లేదు. ఇంకా నాకు నష్టమేంటి? ఐక్యత అనేది ప్రశ్నలడిగేవాళ్ల నోరు మూయించడానికి పాస్టర్లు వాడే మాట కాదా?" అన్నారు. డిసెంబరులో ఊరెళ్తే ఏ వర్గం వైపు వెళ్లాలని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. నష్టం ఉంది. మీరు వాక్యం తక్కువ వింటున్నారని కాదు, బహుశా మా ఊరివాళ్ల కంటే మంచి ప్రసంగాలే వింటున్నారు. కానీ మీరు చేసుకున్న ఏర్పాటులో మీకు ఎవరూ అక్కర్లేదు, మీరూ ఎవరికీ అక్కర్లేదు. వచ్చే ఆదివారం మీరు ఫోన్ తెరవకపోతే ఆ ప్రసంగీకుడికి తెలియదు. ఆయన ఇంట్లో ఎవరైనా చనిపోతే మీకూ తెలియదు. రెండో ప్రశ్నకు జవాబు, అవును, ఆ మాటను అలా వాడేవాళ్లు ఉన్నారు. ఒకసారి మేమే వాడాం, ఆ సంగతి కింద రాస్తాను. అయితే బైబిల్లో సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు చెప్పిన ఐక్యత అది కాదు.

నేనెవరో కూడా చెప్పాలి కదా. మా ఆయన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరు, రిటైరయ్యారు. 31 ఏళ్లలో ఆరు పాస్టరేట్లు (ఒక పాస్టరు చూసుకునే సంఘాలు) చూశాం, అన్నీ పల్లెలూ చిన్న పట్నాలూ. ప్రతిచోటా స్త్రీల మైత్రి, అంటే సంఘంలో ఆడవాళ్ల గుంపు, సండే స్కూలు నేను చూసేదాన్ని. తగువులు పెద్దమనుషుల నోటి నుంచి ఆయన వింటే, వాళ్ల ఆడవాళ్ల నోటి నుంచి నేను వినేదాన్ని. రెండూ ఒకేలా ఉండేవి కావు. కాబట్టి వేదాంత కళాశాలలో చెప్పే జవాబు నా దగ్గర ఆశించకండి.

మొదట కొరింథు సంగతి. మొదటి కొరింథీయులకు 12వ అధ్యాయం మీకు తెలిసిందే, శరీరం ఒకటి, అవయవాలు అనేకం. దీన్ని మనం పెళ్లిళ్లలో, వార్షికోత్సవాల్లో ఎన్నిసార్లు విన్నామో! అందుకే అది మెత్తగా వినిపిస్తుంది. కానీ ఆ పోలిక పౌలు కనిపెట్టింది కాదు. రోమీయుల్లో చాలాకాలంగా ఒక కథ ఉంది. క్రీ.పూ. 494లో రోములో సామాన్య జనం అప్పుల బాధ తట్టుకోలేక ఊరు వదిలి బయటికొచ్చి కూర్చున్నారట. అప్పుడు మెనేనియస్ అగ్రిప్ప అనే పెద్దమనిషి వెళ్లి వాళ్లకో కథ చెప్పాడు. చేతులు, నోరు, పళ్లు కలిసి "ఈ కడుపు ఊరికే కూర్చుని తింటోంది" అని అలిగి తిండి పెట్టడం మానేశాయి, దాంతో ఒళ్లంతా నీరసించిపోయింది. అంటే కడుపు పెద్దమనుషులు, చేతులు మీరు, మాట్లాడకుండా పనిలోకి రండి అని భావం. లివీ అనే రోమా చరిత్రకారుడు దీన్ని రాశాడు. చూశారా, మీరు అనుమానించిన "నోరు మూయించే ఐక్యత" పౌలు పుట్టకముందునుంచే ఉంది.

కొరింథు కూడా రోమీయులు మళ్లీ కట్టిన పట్టణమే. అక్కడివాళ్లకు అలాంటి మాటలు కొత్త కాదు. పౌలు అదే పోలిక తీసుకుని తలకిందులు చేశాడు. బలహీనంగా కనబడే అవయవాలే మరి అవసరమైనవి అన్నాడు. కన్ను చేతితో నువ్వు నాకక్కర్లేదని చెప్పడానికి వీల్లేదు అన్నాడు. గమనించండి, మందలింపు కింది అవయవానికి కాదు, పైనున్న కంటికి. దీనికి ముందు అధ్యాయంలోనే కారణం ఉంది. ప్రభురాత్రి భోజనానికి కూడినప్పుడు ఉన్నవాళ్లు ముందే తినేస్తున్నారు, లేనివాళ్లు ఆకలితో ఉంటున్నారు, ఒకడు మత్తుగా కూడా ఉంటున్నాడు. దానికి పౌలు చెప్పిన మందు పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. అన్నం దగ్గర ఆగండి, అంతే.

ఆ అధ్యాయంలో రెండు జబ్బులున్నాయి. "నేను చెయ్యిని కాను కాబట్టి శరీరంలో దాన్ని కాను" అని పాదం అనుకోవడం ఒకటి. "నువ్వు నాకక్కర్లేదు" అని కన్ను అనడం రెండోది. కోపం తెచ్చుకోకండి, మీది రెండోది. మర్యాదగా, ఎవరినీ నొప్పించకుండా వచ్చిన రెండోది. చదువూ జీతమూ ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా చూస్తున్నాను. మీకు ఫీజు కట్టడానికి సంఘం అక్కర్లేదు, ఆస్పత్రికి తోడు అక్కర్లేదు, యాప్ ఉంది. మా అత్తగారి కాలంలో సంఘం లేకపోతే శవం లేచేది కాదు.

నాకూ ఆ జబ్బు ఉండేది. మా రెండో పాస్టరేట్‌లో తెలిసింది. పిడికెడు బియ్యం మీ ఇంట్లో కూడా తీసే ఉంటారు. ఎసరు పెట్టాక, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి గుడిలో గంపలో పోస్తారు. అందులో కొంత వేలం వేసి సంఘం ఖర్చులకు వాడేవాళ్లం, కొంత ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ఇచ్చేవాళ్లం. ఆ ఊళ్లో ఒక మామ్మ ఉండేది. భర్త లేడు, కొడుకు వలసపోయి తిరిగి రాలేదు. గంపలోంచి నెలకు పది కిలోలు ఆమెకే వెళ్లేవి. అయినా ప్రతి ఆదివారం కొంగున ఇంత బియ్యం ముడేసుకుని వచ్చి అదే గంపలో పోసేది. నేను కొత్తగా వచ్చినదాన్ని, నాకిది అర్థం కాలేదు. ఒకరోజు పెద్ద దయగలదాన్ననుకుని, "మామ్మా, నీకే చాలడం లేదు కదా, నువ్వు తేనక్కర్లేదులే" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. రెండు వారాలు గుడికి రాలేదు. మూడో వారం ఇంటికెళ్తే మంచం మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది. "ఇన్నాళ్లూ నేను సంఘంలో మనిషిని. నువ్వొచ్చి అడుక్కునేదాన్ని చేశావమ్మా."

ఆ రాత్రి మా ఆయన రెండో కొరింథీయులకు 8వ అధ్యాయం తీసి నా ముందు పెట్టారు. ఆయనకు మాట్లాడకుండా మందలించే అలవాటు ఉంది. యెరూషలేములో పేద విశ్వాసుల కోసం పౌలు చందా పోగుచేస్తున్నప్పుడు మాసిదోనియ సంఘాలవాళ్లు నిరుపేదలై ఉండి కూడా, ఈ పనిలో మాకూ పాలు ఇవ్వండని బతిమాలుకున్నారని అందులో ఉంది. పౌలు వాళ్లను "మీకే లేదు కదా" అనలేదు, తీసుకున్నాడు. అప్పటిదాకా నేను ఆ అధ్యాయాన్ని కానుకల గురించే అనుకున్నాను. ఇవ్వడం ఎవరైనా చేస్తారు బాబూ, చేతిలో ఉంటే. ఎదుటివాడి దగ్గర పుచ్చుకోవడం, వాడిది లేకపోతే నాకు లోటని ఒప్పుకోవడం, అక్కడే చాలామందిమి ఆగిపోతాం. మామ్మకు క్షమాపణ చెప్పాను. మళ్లీ కొంగున ముడేసుకుని వచ్చింది. చాలాకాలం నాతో ముభావంగానే ఉంది, అది వేరే సంగతి.

పాస్టరు ఇంట్లోవాళ్లకు పుచ్చుకోవడం మరీ కష్టం. నాలుగో ఊళ్లో నేను మెట్ల మీద జారి కాలు విరిగితే ఆరు వారాలు మంచం మీదే ఉన్నాను. స్త్రీల మైత్రివాళ్లు వంతులేసుకుని వచ్చి వండారు. అందులో ఒకామెకూ నాకూ అంతకుముందు క్రిస్మస్ చీరల పంపకం దగ్గర గట్టిగానే మాటామాటా అయింది. ఆమె తన వంతు మానలేదు. వచ్చి వంటిల్లంతా సర్దిపెట్టింది, నా పద్ధతిలో కాదు, ఆమె పద్ధతిలో. పోపులడబ్బా ఎక్కడ పెట్టిందో దొరకడానికి నాకు నెల పట్టింది. మేం స్నేహితులమేమీ కాలేదు. కానీ ఆ తర్వాత మైత్రిలో ఆమె కాదన్న పని నేను ముందులా తోసేసి చేయలేకపోయాను.

సరే, ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మీ ఊరి చీలికలాంటిదే మా మూడో పాస్టరేట్‌లో జరిగింది, అందులో తప్పు మాది కూడా. ప్రహరీ గోడకని చందాలు పోగుచేశారు. లెక్కలు చదివేరోజు ఒక రసీదు పుస్తకం కనబడలేదు. ఇద్దరు కుర్రాళ్లు లేచి అడిగారు. మా ఆయన గొడవల్లేకుండా శాంతి కోరుకునే మనిషి. "పోనీలెండి బాబూ, పండగ ముందు తగువెందుకు, ఐక్యంగా ఉందాం" అన్నారు. పెద్దలందరూ ఆమేన్ అన్నారు. ఆ కుర్రాళ్లు కూర్చున్నారు. ఈస్టరు నాటికి వాళ్ల వెనక పాతిక కుటుంబాలు వెళ్లిపోయాయి, ఒక ఇంటి వరండాలో వేరే ఆరాధన మొదలైంది. డోలక్ వాయించే అబ్బాయి వాళ్లతో వెళ్లాడు. హార్మోనియం మాతో మిగిలింది. రెండు చోట్లా పాట సగమే వినబడేది.

ఆ రోజు చదవాల్సిన వచనాలు నేను ఇందాక చెప్పిన రెండో కొరింథీయులకు 8వ అధ్యాయంలోనే ఉన్నాయి. యెరూషలేముకు చందా తీసుకెళ్లేటప్పుడు పౌలు ఒక్కడే మూట కట్టుకుని పోలేదు. తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి కూడా పెట్టాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మామీద తప్పు మోపకుండా చూసుకుంటున్నాం, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా అని రాశాడు. అపొస్తలుడే లెక్కకు సాక్షిని పెట్టుకుంటే మన ట్రెజరరుకు ఏం తక్కువ? లెక్క అడగడం ఐక్యతకు విరోధం కాదు. అడిగినవాణ్ణి కూర్చోబెట్టడమే విరోధం.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కూడా చూడండి. రోజూ పంచే ఆహారంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. అపొస్తలులు సణిగేవాళ్లను తిట్టలేదు. సంఘాన్ని పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు – ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఎటువైపు నుంచి వచ్చిందో ఆ వైపు పేర్లున్నవాళ్ల చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మా పాస్టరేట్లలో ఏ కమిటీ అయినా అలా చేయగా నేను చూడలేదు.

మా చీలిక మూడేళ్లు నడిచింది. మధ్యలో ఒక వానాకాలం పెద్దల వర్గంలో ముఖ్యుడి తండ్రి చనిపోయాడు. మాది నల్లరేగడి. వానలో సమాధి గొయ్యి తవ్వడమంటే మాటలు కాదు, ఒక పక్క తవ్వుతుంటే ఇంకో పక్క గట్టు జారి పడుతుంది, నీళ్లు తోడుతూనే ఉండాలి. ఆ పని చేతనైన కుర్రాళ్లందరూ అవతలి వర్గమే. ఎవరూ పిలవలేదు, పిలవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. పొద్దున ఏడింటికి ఎనిమిదిమంది పారలు, తట్టలు పట్టుకుని సమాధుల తోటకి వచ్చారు. తవ్వారు, పెట్టె దించారు, మట్టి పోశారు, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే ఏడ్చి కౌగలించుకున్నారని రాస్తే బాగుంటుంది, కానీ జరగలేదు. జరిగింది ఏమిటంటే, మూడు వారాల తర్వాత ఆ చనిపోయినాయన కొడుకే కమిటీలో లేచి, "ఆ రసీదు పుస్తకం సంగతి తేల్చండి, నాకు వాళ్ల మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది" అన్నాడు. రెండు వైపుల నుంచీ ఇద్దరేసి కూర్చుని లెక్క తీశారు. తినేసిందేమీ లేదు. ట్రెజరరు తన డబ్బూ సంఘం డబ్బూ ఒకే పెట్టెలో పెట్టుకునేవాడు, 6,400 రూపాయలు తేడా వచ్చింది. రెండు కోతల్లో కట్టేశాడు. ఆ తర్వాత కూడా అందరూ తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. నాలుగు కుటుంబాలు ఇప్పటికీ రాలేదు.

ఇంతకంటే కష్టమైనది ఒకటుంది, పేరు పెట్టే చెప్తాను. కులం. మన సంఘాల్లో చాలా చీలికలకు పైన వేసుకునే చొక్కా ఎన్నిక, గోడ, మైకు. లోపల మాల పేట, మాదిగ పేట. మేమూ ఒక పేట నుంచి వచ్చినవాళ్లమే. గుడి ఒకటే, ప్రభురాత్రి భోజనం తీసుకునే బల్ల ఒకటే, కానీ కోత పండగ భోజనాలకు వంట మాత్రం ఒక పేట ఆడవాళ్లే చేసేవాళ్లు ఒక ఊళ్లో. మా ఆయన ఆ ఏడాది అన్నం రెండో పేటవాళ్లను వండమన్నారు. మొదటి సంవత్సరం నలభై విస్తళ్ల దాకా ఎవరూ కూర్చోకుండా మిగిలిపోయాయి. ఒంట్లో బాగోలేదని కొందరు, ఉపవాసమని కొందరు. పండగనాడు ఉపవాసమేంటో! రెండో సంవత్సరం పిల్లలు కూర్చున్నారు, వాళ్ల వెనక కొందరు తల్లులు. మేం బదిలీ అయ్యేనాటికి కూడా ముగ్గురు నలుగురు పెద్దమనుషులు ఇంటికెళ్లే తినేవాళ్లు. అంతియొకయలో పేతురు కూడా అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో తింటూ ఉండి, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందూ ఆయన్ని నిలదీశాడు, గలతీయులకు 2వ అధ్యాయంలో ఉంది. విస్తరి దగ్గర విడిపోయినవాళ్లు బల్ల దగ్గర కలిశామంటే పౌలు ఒప్పుకోలేదు.

ఐక్యత అంటే అందరూ ఒకేలా అయిపోవడం అని మీరు భయపడుతున్నట్టు కూడా అనిపించింది. దానికి మా సీఎస్ఐ పుట్టుకే మంచి ఉదాహరణ, కాస్త ఓపిక పట్టండి. మీ తాతగారు లూథరనో బాప్టిస్టో అయితే, వేదాంతం పోల్చి చూసుకుని అయ్యుండరు. ఏ మిషను ఆ వైపు వచ్చిందో అది అయ్యారు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యరు దొర గుంటూరు వచ్చాడు కాబట్టి అక్కడ లూథరన్లు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, కడప వైపు లండన్ మిషను, బందరులో ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు సంఘంవాళ్ల, చర్చి మిషను. మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి. ఆ పంపకం మన పేర్లయింది.

1919లో తమిళనాడులోని తరంగంబాడిలో కొంతమంది భారతీయ పాస్టర్లు కూడి, ఈ విభజనలు మేం చేసుకున్నవి కావు, బయటి నుంచి వచ్చి మామీద పడ్డవి, వీటిని కొనసాగించడం మాకిష్టం లేదు అని ప్రకటన రాశారు. ఆ పనిలో ముందున్నవాడు దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు. తమిళుడు, తిరునల్వేలి వైపువాడు, మన తెలుగు పల్లెల్లోకి వచ్చి తెలుగు నేర్చుకుని పనిచేశాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్పయ్యాడు. ప్రకటన 1919లో రాస్తే, ఆ ఐక్యత, అంటే మా సీఎస్ఐ పుట్టుక, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సెయింట్ జార్జి కెథడ్రల్‌లో జరిగింది. 28 ఏళ్లు. అజరయ్య గారు 1945 జనవరి 1న చనిపోయారు, చూడలేదు.

అంతకాలం ఎందుకు పట్టిందంటే, ఆంగ్లికన్లకు బిషప్పులుంటారు, మిగతావాళ్లకు లేరు. బిషప్పు చెయ్యి పెట్టని పాస్టరు పాస్టరేనా అని పెద్ద చర్చ. చివరికి అందరి పాస్టర్లనూ ఉన్నవాళ్లను ఉన్నట్టే తీసుకున్నారు, ఎవరికీ మళ్లీ అభిషేకం చేయలేదు. ఇకమీదట అభిషేకాలు బిషప్పు చేస్తాడన్నారు. ఏ సంఘానికైనా మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధన పద్ధతినిగానీ పాస్టరునుగానీ వాళ్లమీద రుద్దబోమని మాటిచ్చుకున్నారు. నాకు ఇందులో బాగా నచ్చేది ఈ మాటే. అయినా అందరూ రాలేదు. తెలుగు బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉన్నారు. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు రాలేదు, చాలా ఏళ్ల తర్వాత వచ్చారు. ఇక ఇప్పుడు మా బిషప్పుల కింద ఉండే డయోసిస్‌ల్లో కోర్టు కేసులెన్నో మీకు తెలియంది కాదు. అది కూడా దాచను. అయినా పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకుంటే లూథరన్ గుడిలోనూ బాప్టిస్టు గుడిలోనూ మా గుడిలోనూ ముసలివాళ్లు పుస్తకం చూడకుండా పాడతారు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు ప్రమాదం.

సంఘంలో ఎవరైనా ఆడపిల్లల మీద, చిన్నపిల్లల మీద చెయ్యి వేస్తే, అక్కడ ఐక్యత మాట ఎత్తకూడదు. సహోదరుడు సహోదరుడి మీద కోర్టుకెక్కకూడదని మొదటి కొరింథీయులకు 6లో ఉందని చెప్పి ఇలాంటివి నొక్కేస్తారు. ఆ అధ్యాయం మోసపోయామని, నష్టపోయామని వేసుకునే వ్యాజ్యాల గురించి. నేరాన్ని దాచమని కాదు. అలాంటిది జరిగితే పోలీసుల దగ్గరికి వెళ్లండి, బాధితుల పక్కన నిలబడండి, అవసరమైతే ఆ సంఘం వదిలేయండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఒకరిమీద ఒకరు ఆధారపడడం అంటే ఒకడు పడుకుని ఇంకొకడు మోయడం కూడా కాదు. గలతీయులకు 6వ అధ్యాయం 2వ వచనంలో ఒకరి భారాలు ఒకరు భరించండి అని ఉంది. మూడు వచనాలు దాటగానే ప్రతివాడూ తన బరువు తానే మోసుకోవాలని ఉంది. సండే స్కూల్లో పిల్లలు దీన్ని పట్టుకుని నన్ను ఏడిపించేవాళ్లు. గ్రీకులో రెండు వేరు మాటలని మా ఆయన చెప్పారు. మొదటిది ఒక్కడు మోయలేని బరువు, రెండోది ఎవడి మూట వాడిది. అప్పు తీర్చలేక నలిగేవాడి కోసం సంఘం కదలాలి. ప్రతి నెలా పేకాటలో పోగొట్టుకుని వచ్చేవాడి విషయంలో కదలాల్సిన తీరు వేరు.

ఆన్‌లైన్ అంతా వృథా అని కూడా నేననను. మా కోనసీమ, కడప వైపు నుంచి కువైట్‌లో ఇళ్లపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన శుక్రవారం. ఆ పూట కూడా బయటికి పంపని ఇళ్లున్నాయి. నాకు తెలిసిన ఏడుగురు రాత్రి పనయ్యాక ఫోన్‌లో కలుస్తారు. ఒకామె ప్రార్థన చేస్తుంది, ఒకామె ఊళ్లో కొడుకు చదువు సంగతి చెప్పి ఏడుస్తుంది, ఒకామెకు జీతం ఆగితే మిగతావాళ్లు తలా కొంత వేస్తారు. ఒకామె రెండు రోజులు కలవకపోతే మూడో రోజు ఊళ్లో వాళ్ల ఇంటికి ఫోన్ వస్తుంది. అది సంఘమే అంటాను నేను. మీ యూట్యూబుతో పోల్చి చూడండి, తేడా ఫోన్‌లో లేదు. మంచాన పడ్డవాళ్లు, రాత్రి షిఫ్టుల నర్సులు, వాళ్ల సంగతీ అంతే.

మీరు ఏం చేయాలంటారా? హైదరాబాదులో మీ రూముకు దగ్గరలో, బస్సులో అరగంటకు మించని చోట ఒక చిన్న సంఘం చూసుకోండి. ప్రసంగం సాదాసీదాగా ఉన్నా పర్వాలేదు, మంచి ప్రసంగాలు మీ ఫోన్‌లో ఎలాగూ ఉన్నాయి. పాటల టీమ్‌లోనో స్టేజీ మీదో కాకుండా, మీరు రాకపోతే ఎవరో ఒకరు ఇబ్బందిపడే పని తీసుకోండి. కుర్చీలు వేయడం, ముసలాయన ఒకరిని బండి మీద తీసుకురావడం, అలాంటిది. ఆరు నెలలు చేయండి. ఇక రెండోది మీకు కష్టంగా ఉంటుంది. ఈ ఆరు నెలల్లో ఒక్కసారైనా మీరు వాళ్లను ఏదైనా అడగండి. జ్వరమొస్తే గంజి అడగండి. ఇల్లు మారేటప్పుడు సామాను ఎత్తడానికి ఇద్దరిని రమ్మనండి. డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టుకోగలరని నాకు తెలుసు. అయినా అడగండి.

దశమభాగం సంగతి. ఊళ్లో ఏ వర్గానికి పంపాలో తేలక ఇద్దరికీ సగం సగం పంపుతున్నానన్నారు. రెండు వర్గాలూ లెక్కలు చదివేదాకా ఇద్దరికీ ఆపండి, ఆపుతున్నట్టు ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఆ డబ్బు పక్కన పెట్టండి. వాడుకోకండి.

డిసెంబరులో ఊరెళ్లాక ఎటువైపు అంటే, ఫిలిప్పీయులకు 4లో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలు పడకపోతే పౌలు ఇద్దరినీ విడివిడిగా బతిమాలాడు, ఎవరిది తప్పో ఉత్తరంలో రాయలేదు. మీరూ రాయబారం నెత్తిన వేసుకోకండి, తీర్పులు చెప్పకండి. క్రిస్మస్ ఆరాధనకు మీ అమ్మగారు ఎటు వెళ్తే అటు వెళ్లండి. మర్నాడు అవతలి వర్గంలో మీ చిన్ననాటి సండే స్కూలు టీచరు ఎవరైనా ఉంటే వాళ్లింటికి భోజనం వేళకు వెళ్లండి. పిలవకపోయినా వెళ్లండి. పెట్టింది తినండి. గొడవ సంగతి వాళ్లు ఎత్తితే వినండి, మీరు ఎత్తకండి. ఒక కిలో స్వీట్లు తీసుకెళ్లండి కానీ అక్కడ మాత్రం వాళ్లింటి అన్నమే తినాలి, టైమ్ లేదని టీతో లేచి రాకండి.